కోడలి ముక్కు

ఫిబ్రవరిలో బేరిచెట్టు కొమ్మలు కత్తిరిస్తూ నిచ్చెన మీంచి పడ్డప్పుడు ఓట్మార్‌కు ఒక్క ఎముకా విరగలేదు. తల వెనక గుడ్డంత బొప్పి కట్టింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపేశారు. ఆయన తలకాయ ఎంత గట్టిదో చెప్పుకొని హాస్లింగ్ ఊరంతా వారం రోజులు నవ్వుకుంది. పోయిందేమిటో ఆయనకు ఇంటికొచ్చిన మూడో రోజున తెలిసింది. భార్య జెన్సి కాఫీ తెచ్చి ముందు పెట్టింది. వేడి తెలిసింది, చేదు తెలిసింది. కాఫీ తెలియలేదు.

డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్లాడు. వాసన నరాలు దెబ్బతిన్నాయని, ఏడాది చూడాలని, రావచ్చు రాకపోవచ్చునని డాక్టరు చెప్పాడు. ఓట్మార్ ఇంటికొచ్చి, "అంతా బాగానే ఉందట" అన్నాడు.

అలా అనడానికి కారణం ఉంది. ముప్పై ఆరేళ్లు ఆయన టౌనులోని బీరు తయారీ కర్మాగారంలో, పులియబెట్టే గదిలో పనిచేశాడు. తలుపు తీసి గుమ్మంలో నిలబడితే చాలు, ఏ తొట్టి ఒక రోజు వెనకబడిందో, ఏది తొందరపడుతోందో చెప్పేవాడు. ఆ లోయలో 'ఓట్మార్ ముక్కు' అంటే చర్చి గడియారం లాంటిది, దాన్నిబట్టే అందరూ సరిచూసుకునేవాళ్లు. పదవీ విరమణ అయ్యాక కూడా ఏటా జూలై మొదటి శనివారం ఫైరింజన్ షెడ్డులో ఊళ్లో ఇంటి బీరు కాచేవాళ్లంతా తమ సీసాలు తెచ్చి పెట్టేవాళ్లు. ఓట్మార్ వాసన చూసి, రుచి చూసి, ఎవరిది మొదటిదో చెప్పేవాడు. పదకొండేళ్లుగా ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

అందుకని గుర్తున్నదాన్ని పట్టుకొని బతకడం మొదలుపెట్టాడు. ఆదివారం జెన్సి పంది మాంసం కాల్చి పెట్టి "ఎలా ఉంది?" అంటే, "వీధి చివరిదాకా ఘుమఘుమలాడుతోంది" అనేవాడు.

మే నెలాఖరు శనివారం పొద్దున, ఇంటి వెనక బట్టలుతికే గదిలో భార్యాభర్తలిద్దరూ గోధుమ బీరు సీసాల్లోకి నింపుతున్నారు. నలభై సీసాలు, తీగ బిగింపుతో పింగాణీ మూతలున్నవి. పెద్ద పీపాలో పులియడం అయిపోయిన బీరును అప్పటికప్పుడు తాగితే చప్పగా, పొంగు లేకుండా ఉంటుంది. అందుకే కాచిన రోజునే కాస్త తీపి మాల్ట్ రసం, అంటే మొలకగింజల రసం, విడిగా తీసి దాచి, నింపేటప్పుడు కలుపుతారు. దాన్ని అక్కడివాళ్లు 'తిండి' అంటారు. బీరులో మిగిలిన ఈస్ట్ ఆ తిండి తిని సీసాలోనే రెండోసారి పులుస్తుంది. బయటికి పోలేని గాలి బీరులోనే కరిగి దానికి ప్రాణం పోస్తుంది. వారం రోజులు వెచ్చగా, ఆపైన మూడు వారాలు నేలమాళిగలో చల్లగా. అంతవరకు ఆగలేనివాణ్ణి ఓట్మార్ మనిషి కింద లెక్కవేసేవాడు కాదు.

"తిండి ఎక్కువైందేమో చూడు" అంది జెన్సి.

"ఎక్కువైతే సీసా పేలుద్ది, తక్కువైతే బీరు నిద్రపోద్ది. రెండూ జరగవు. నువ్వు మూత బిగించు."

"బిగిస్తున్నాగా! చెయ్యి నీదా నాదా?"

అప్పుడే హార్టల్ వచ్చాడు. రెండిళ్ల అవతల ఉండే వడ్రంగి, ఓట్మార్‌తో బళ్లో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. ఏటా జూలైలో సీసా తెచ్చేవాడు, ఏటా ఓట్మార్ ఏదో ఒక వంక పెట్టేవాడు. ఈసారి చంకలో ఒకే ఒక్క సీసా ఉంది.

"ఓరేయ్, మొహమాటం లేకుండా చెప్పాలి" అన్నాడు టోపీ తీస్తూ. "గురువారం మా చెల్లెలు వాల్బుర్గా అరవయ్యో పుట్టినరోజు. పాసావ్ పట్నం నుంచి వాళ్లాయన తరఫువాళ్లంతా దిగుతున్నారు. దానికోసమే అరవై సీసాలు పెట్టాను. బయటికి తియ్యొచ్చా, లేదా? నీ నోటితో చెప్పు, అంతే."

ఓట్మార్ మూత తీశాడు. 'టప్' మన్న చప్పుడు సరిగ్గానే ఉంది. పొడుగాటి గ్లాసులోకి వంచాడు. నురగ మందంగా నిలబడింది, బీరు మబ్బు రంగులో ఉంది. అలవాటుగా గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. ఏమీ లేదు. సున్నం కొట్టిన గోడకు మొహం ఆనించి నిలబడ్డట్టుంది. ఒక గుక్క తాగాడు. నాలుక మీద గాలి చురుక్కుమంది. గోధుమ పులుపు కొద్దిగా, తీపి కొద్దిగా. నాలుకకు తెలిసిందంతా బాగానే ఉంది. హార్టల్ శుభ్రంగా పనిచేసే మనిషి, ఏం తప్పుంటుందిలే అనుకున్నాడు. ఎదురుగా అరవై ఆరేళ్ల మనిషి టోపీ నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు.

"పెట్టెయ్" అన్నాడు ఓట్మార్.

"నిజంగా?"

"మంచి బీరు. పెట్టెయ్."

హార్టల్ మొహం చూసి తీరాలి. జెన్సి బుగ్గ మీద ముద్దొకటి పెట్టి, సగం గ్లాసు అక్కడే వదిలేసి పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. జెన్సి మొగుడి వంక ఎగాదిగా చూసింది. "ఏమయ్యా, ఈసారి ఒక్క వంక కూడా పెట్టలేదు. ఒంట్లో బాగానే ఉందా?"

గురువారం పండగ సెలవు. ఓట్మార్ తలనొప్పి వంకతో ఇంట్లోనే ఉండిపోయాడు. జెన్సి, కొడుకు కిలియన్, కోడలు ఆంకె వెళ్లారు. పొద్దు వాలకముందే తిరిగొచ్చారు.

ఆంకె ఉత్తరాది సముద్రతీరంలో పాల ఆవుల మధ్య పెరిగిన పిల్ల. పెళ్లయి వచ్చి ఆరేళ్లు. మేడ మీద కాపురం. జిల్లాలో కొట్టం కొట్టం తిరిగి పాల నమూనాలు తీసే ఉద్యోగం. బీరు ముట్టదు, టీ తాగుతుంది. ఆ ఒక్క కారణంతో మామగారు ఆమెను ఆరేళ్లుగా ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

"గాయానికి వేసే ప్లాస్టరు వాసన, మామయ్యా" అంది ఆంకె బూట్లు విప్పుకుంటూ. "నేను తాగలేదు. పక్కన కూర్చుంటేనే కొట్టింది."

"నాకూ ఆసుపత్రే గుర్తొచ్చింది" అంది జెన్సి. "పాపం, వాల్బుర్గా అన్న మొహం చూసి సగం తాగింది. పాసావ్ ఆయనొకడు లేచి, 'బావా, దీన్ని తాగాలా, మోకాలికి రాయాలా?' అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. హార్టల్ నవ్వలేదు."

మర్నాడు హార్టల్ వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు దగ్గరే నిలబడ్డాడు.

"ఒక్క మాట అడిగి పోతాను. తెలిసే అన్నావా?"

ఓట్మార్ గేటు గడియ మీద చెయ్యి వేశాడు.

"పదకొండేళ్లు నా బీరులో చీమ తలకాయంత లోపముంటే పట్టుకున్నావు. ఇది పట్టుకోలేదా? మా కుక్క కూడా పట్టుకుంటుంది. జూలైలో నేను గెలుస్తానని భయమేసిందా? అందుకా?"

'నాకు వాసన రావట్లేదు.' మూడు మాటలు. ఓట్మార్ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. హార్టల్ తల ఊపి వెళ్లిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా ఓట్మార్ గేటు పట్టుకొని నిలబడ్డాడు. ముక్కు లేనివాడు అనిపించుకోవడం కన్నా కుళ్లుబోతు అనిపించుకోవడమే తనకు తేలికైంది.

శనివారానికి సీసాల వారం పూర్తయింది. మాళిగలోకి దించే ముందు ఒకటి తీసి చూడటం ఆయన పద్ధతి. బట్టలుతికే గదిలో మూత తీశాడు. చప్పుడు బాగుంది, నురగ బాగుంది. గ్లాసు ఎత్తి తాగుతుండగా ఆంకె బట్టల బుట్టతో లోపలికొచ్చింది. వస్తూనే వెనక్కి గెంతింది.

"ఛీ! గుడ్లేమైనా కుళ్లాయా?"

"ఎక్కడ?" అన్నాడు ఓట్మార్ చుట్టూ చూస్తూ.

ఆంకె బుట్ట కింద పెట్టింది. "మీ చేతిలో."

"ఇదా? కొత్త బీరు ఇలాగే ఉంటుంది. టీ తాగేవాళ్లకేం తెలుస్తుందిలే."

ఆమె నవ్వలేదు, కదల్లేదు కూడా. "ఈస్టర్ ముందు పాలు మాడిపోయి ఇల్లంతా కమురు కంపు కొట్టింది. నేను మేడ మీంచి పరిగెత్తుకొచ్చాను. మీరు పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు. అప్పుడు మీరేదో ధ్యాసలో ఉన్నారనుకున్నా. మీకు వాసన రావట్లేదు కదా, మామయ్యా?"

ఓట్మార్ బోర్లించిన తొట్టి మీద కూలబడ్డాడు. "ఫిబ్రవరి నుంచి" అన్నాడు.

అయ్యో పాపం అంటుందనుకున్నాడు. అనలేదు. అందుకు బదులు అడిగింది: "అస్సలా? పేడ కూడా?"

"పేడ కూడా."

"అయితే మా నాన్న కొట్టంలో మీకు ఉద్యోగం ఖాయం."

ఓట్మార్‌కు నవ్వొచ్చింది. నాలుగు నెలల్లో అలా నవ్వింది అదే మొదటిసారి. నవ్వుతూనే లేచి, సీసాల పెట్టె గదిలో నీళ్లు పోయే తూము వైపు లాగాడు. "పారబోద్దాం. మూతలు తియ్యడానికి సాయం పట్టు."

"ఎందుకు? గుడ్డు కంపని నేనన్నాననా?"

అప్పుడాగాడు ఓట్మార్. ముప్పై ఆరేళ్ల పని మెల్లగా తలలో కదిలింది. "ఎలాంటి గుడ్డు?" అన్నాడు. "ఉడకబెట్టిన గుడ్డా? లేకపోతే కాలిన రబ్బరా? రెండూ దగ్గరగానే ఉంటాయి. జాగ్రత్తగా చూసి చెప్పు."

ఆంకె గ్లాసు అందుకుంది. కొట్టాల్లో ఆవు నోటి దగ్గర మొహం పెట్టి, ఊపిరి వాసనను బట్టి దానికి మేత ఒంటబట్టడం లేదని నమూనా తీయకముందే చెప్పేస్తుందామె. ఇప్పుడూ అంత శ్రద్ధగానే వాసన చూసింది. ఒకసారి పీల్చి, తల తిప్పుకొని, మళ్లీ పీల్చింది.

"ఉడకబెట్టిన గుడ్డు. ఈస్టర్ ముందు రోజు పండగ గుడ్లు ఉడికించే మా అమ్మమ్మ వంటిల్లు. దాని వెనకాల ఇంకేదో తీపి వాసన ఉంది, పేరు తెలీదు. రబ్బరు లేదు."

"ఖాయమా?"

"ఆవుకి జబ్బుందో లేదో చెప్పేదాన్ని, మామయ్యా. గుడ్డుకీ రబ్బరుకీ తేడా తెలీదా?"

"రబ్బరైతే ఈస్ట్ చస్తోందని అర్థం, దానికిక మందు లేదు. గుడ్డైతే పసితనం. ఈస్ట్ పనిలో ఉన్నప్పుడు ఆ కంపు వదుల్తుంది, తీరిక దొరికాక తనే సర్దుకుంటుంది. మాళిగలో పెట్టి వారం వారం తీసి చూద్దాం."

"చూద్దాం అంటే, నేనా?"

"మరి నేనా?"

ఆంకె బుట్ట ఎత్తుకుంది. "సరే. కానీ అత్తయ్యకి మీరే చెప్పాలి. హార్టల్‌గారికి కూడా."

జెన్సికి ఆదివారం భోజనాల దగ్గర చెప్పాడు. మాంసం ముక్క పళ్లెంలో పడగానే, ఆమె అడగకముందే, ఫోర్కు కింద పెట్టి చెప్పేశాడు. ఆమె అరవలేదు.

"అంటే ఫిబ్రవరి నుంచి ప్రతి ఆదివారం నువ్వు అన్నదంతా..."

"అవును."

"మార్చిలో మసాలా మార్చాను. నువ్వు ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదన్నావు. నేనది వాల్బుర్గాకి కూడా చెప్పుకున్నాను, ఓట్మార్."

తన పళ్లెం తీసుకొని వెళ్లి తోటలో బల్ల మీద ఒక్కతే కూర్చుని తింది. నరాలు దెబ్బతిన్నందుకు ఆమెకు కోపం లేదు. నలభై ఏళ్లు పక్కన పడుకున్న మనిషి అంత నున్నగా అబద్ధమాడగలడని తెలియడమే ఆమెకు మింగుడుపడలేదు. రెండు రోజులు అవసరమైన మాటలే మాట్లాడింది. మూడో రోజు సాయంత్రం ముల్లంగి ముక్కలు, పుల్లటి దోసకాయ ఊరగాయ, పెళపెళలాడేలా కాల్చిన పంది తోలు, గట్టి రొట్టె తెచ్చి టకటకా ముందు పెట్టింది.

"వాసన పోతే పోయింది. పళ్లున్నాయిగా. కరకరలాడేవి తిను" అంది.

హార్టల్ దగ్గరికి వెళ్లింది ఆ మర్నాడే. దుకాణంలో హార్టల్ కుర్చీ కాలు చెక్కుతున్నాడు. తల ఎత్తలేదు. ఓట్మార్ నిలబడే అంతా చెప్పాడు: నిచ్చెన, కాఫీ, డాక్టరు, ఆ రోజు గ్లాసు.

"బాగుంది కథ" అన్నాడు హార్టల్. "తయారుచేయడానికి ఆరు రోజులు పట్టిందా?"

"కథ కాదురా."

హార్టల్ ఉలి పక్కన పెట్టాడు. మూలకు వెళ్లి మూత కట్టిన పాత ఇనప గిన్నె ఒకటి తెచ్చాడు. పాతకాలపు సామాను బాగుచేసేటప్పుడు వాడే జిగురు అది, పశువుల తోలు, ఎముకలు ఉడికించి చేసేది. కిందటి వేసవి నుంచి అలాగే మిగిలిపోయింది. మూత తీసి బల్ల మీద పెట్టి, తను మోచేత్తో ముక్కు మూసుకొని కిటికీ దాకా వెనక్కి వెళ్లాడు. అక్కడున్న పిల్లి లేచి బయటికి దూకింది.

ఓట్మార్ ముందుకు వంగాడు. గిన్నె మీద మొహం పెట్టి నిండుగా ఊపిరి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. ముదురు గోధుమరంగు ముద్ద మీద బూజు కనిపించింది. చల్లదనం తగిలింది. అంతే. కావాలంటే సాయంత్రందాకా అలాగే ఉండగలడు.

"లేవరా" అన్నాడు హార్టల్ మోచేతి వెనక నుంచి. "లేవరా బాబూ, చూడలేకపోతున్నా."

వచ్చి గిన్నె లాక్కుని మూత పెట్టి బయట పారేశాడు. కళ్లు తుడుచుకున్నాడు. జిగురు కంపుకో మరెందుకో ఓట్మార్ అడగలేదు.

"పదకొండేళ్లు ఆ ముక్కంటే భయపడి చచ్చాను" అన్నాడు హార్టల్ బల్ల మీద కూర్చుంటూ. "కాచేటప్పుడు కూడా నా పక్కన నువ్వు నిలబడ్డట్టే ఉండేది. సరే, పోయింది. కానీ ఆ రోజు 'నాకు తెలీదు' అనుంటే సరిపోయేది. నేనేం నిన్ను తినేసేవాణ్ణి కాదుగా. మా చెల్లెలు ఇంకా ఫోను తియ్యట్లేదు."

"నేను వెళ్లి చెప్తాను."

"చెప్పు. పాసావ్ బావకి కూడా చెప్పు. వాడి దగ్గరికి మాత్రం నీ సొంత మోకాలు పట్టుకెళ్లు, నా బీరు రాసిపెడతాడు."

వాల్బుర్గా తలుపు తీసి, మొత్తం విని, కేకు ముక్క పెట్టింది. పాసావ్ ఆయనకు ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు.

తర్వాతి శనివారం నుంచి మాళిగలో సీసా తీయడం ఆంకె పనైంది. రెండో వారం గుడ్డు ఉంది, కానీ "పక్క గదిలో ఉడుకుతున్నట్టు" ఉంది. మూడో వారం లేదు. ఆ మెట్ల మీద కూర్చుని ఓట్మార్ అడుగుతుంటే, ఆంకె తనకు తెలిసిన మాటల్లోనే చెప్పేది. "పెట్రోలు బంకులో అమ్మే పసుపు మెత్తటి మిఠాయి" అంటే అరటిపండని ఆయన పోల్చుకునేవాడు. "పళ్ల డాక్టరు కుర్చీ" అంటే లవంగం. "వాన పడ్డాక గోధుమ పిండి మర ముందర" అంటే ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు. ఇద్దరూ దాని గురించి అరగంట వాదించుకున్నారు.

ఆమె చెబుతుంటే ఆయనకు వాసన తిరిగొచ్చిందని కాదు. రాలేదు. కానీ సీసాలో ఏం జరుగుతోందో తెలిసేది. ఇంకోటి కూడా తెలిసింది. ఇన్నేళ్లలో తను ఎవరినీ, 'నీకేం తెలుస్తోంది?' అని అడిగిన గుర్తు లేదు. కర్మాగారంలో పక్కన పనిచేసిన పాతికమందికీ ముక్కులున్నాయి. వాళ్లకు ఏ పెట్రోలు బంకు గుర్తొచ్చేదో, ఏ అమ్మమ్మ వంటిల్లు తోచేదో తను విననే లేదు. తను చెప్పాడు, వాళ్లు రాసుకున్నారు.

జూలై మొదటి శనివారం ఫైరింజన్ బయటికి తీసి షెడ్డులో బల్లలు వేశారు. పదిహేడు మంది బీరు తెచ్చారు. ఓట్మార్ లేచి నిలబడి, తన ముక్కు పనిచేయడం లేదని, ఇక తీర్పు చెప్పలేనని, మేలో ఒక మనిషికి తప్పు చెప్పి అవమానం పాలు చేశానని చెప్పాడు. పేరు చెప్పకపోయినా అందరూ హార్టల్ వైపే చూశారు. హార్టల్ జంతికలా మెలితిప్పిన రొట్టె విరుచుకుంటూ, "నేనే. రాయించుకోండి ఎవరికైనా మోకాలి నొప్పులుంటే" అన్నాడు. షెడ్డు ఘొల్లుమంది.

"మరి తీర్పు ఎవరు చెబుతారు?" అని ఎవరో అడిగారు. ఆంకె పేరు వినిపించింది. "నేను టీ తాగుతాను" అని ఆమె ముల్లంగి కోస్తూనే అంది. కాసేపు గొడవ పడ్డారు. చివరికి ఎవరి బీరు వాళ్లు పక్కవాడికి పోసి, పక్కవాడు ఏమంటే అది వినాలని తేలింది. ఆ ఏడు మొదటి బహుమతి ఎవరికీ రాలేదు.

ఓట్మార్ తన సీసా తీసుకెళ్లి హార్టల్ ఎదురుగా కూర్చున్నాడు. గ్లాసు వంచి, పక్కగా జార్చుతూ పోశాడు. ఆఖర్న సీసా గుండ్రంగా తిప్పి అడుగున పేరుకున్న ఈస్ట్ కూడా నురగలోకి వదిలాడు. హార్టల్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని, అచ్చం ఓట్మార్ లాగే కళ్లు మూసుకున్నాడు. పక్క బల్ల వాళ్లు నవ్వారు. హార్టల్ తొందరపడలేదు. తాగాడు, పెట్టాడు, మళ్లీ తాగాడు.

"లవంగం ఓ పిసరు ఎక్కువైంది" అన్నాడు.

ఓట్మార్ ముందుకు వంగాడు. "నిజంగానా? పగ తీర్చుకుంటున్నావా?"

"నీకెలా తెలుస్తుంది?"

నాలుగు బల్లల అవతల ఆంకె ఉంది, పిలిస్తే క్షణంలో వచ్చి చెబుతుంది. ఓట్మార్ ఆమె వైపు తల తిప్పబోయి మానేశాడు. ఎదురుగా కూర్చున్నది చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. ఎగతాళి మాటల వెనక అతని కళ్లు నిలకడగా ఉన్నాయి.

"మాల్ట్ కాచేటప్పుడు గోరువెచ్చటి దశలో ఎక్కువసేపు ఆపుంటాను" అన్నాడు ఓట్మార్ నెమ్మదిగా. "వచ్చేసారి తగ్గిస్తాను."

"తగ్గించు. మరీ తగ్గించకు."

ఓట్మార్ తన గ్లాసు ఎత్తాడు. చల్లగా, మెత్తగా, సన్నటి చురుకుతో బీరు నాలుక మీదికి వచ్చింది. మీసానికి అంటిన నురగ తుడుచుకోకుండా హార్టల్ సీసా వైపు చెయ్యి చాచి, "నీది ఏదిరా, పొయ్" అన్నాడు.